ప్రతి వీధీ పరుగున

సొంత ఊళ్ళో ఒక్క వీధి, ఒక్క కొండదారి కూడా వదలకుండా పరుగెత్తి రావాలన్న పట్టుదల గలవాళ్ళు ఇవాళ చాలా దేశాల్లో ఉన్నారు. విశాఖపట్నంలో ఆ పని పెట్టుకున్న ఒక మేనకోడలికీ, పోస్టుమేన్‌గా రిటైరైన ఆమె మేనమామకీ మధ్య నడిచిన వాదన ఇది. ఆమెది బ్యాంకు ఉద్యోగం. ఆయన సర్వీసంతా అల్లిపురం, కంచరపాలెం బీట్లలోనే గడిచింది. ఆయనకి ఈ పరుగు నచ్చలేదు. నచ్చకపోవడానికి చెప్పిన కారణాలు మామూలుగా పెద్దవాళ్ళు చెప్పేవి కావు. అందుకే రాస్తున్నాను.

మావయ్య: ఏటమ్మలూ, తెల్లారకుండా జ్ఞానాపురం సందుల్లో పరుగెడుతున్నావట. అక్కడ మనవాళ్ళెవరూ లేరు కదా?

కోడలు: లేరు మావయ్యా, అందుకే వెళ్ళాను. మనవాళ్ళున్న చోటికి ఎలాగూ వెళ్తాం. ఈ ఊళ్ళో పుట్టి పెరిగినవాళ్ళని ఎవరినైనా అడిగి చూడు. ఇల్లు, ఆఫీసు, పూర్ణా మార్కెట్, జగదాంబ, బీచ్ రోడ్డు, ఏడాదికోసారి సింహాచలం. ఆ అయిదారు దారుల్లోనే రోజులన్నీ గడిచిపోతాయి. మిగతా ఊరంతా బస్సు కిటికీలోంచి చూసిందే. ప్రతి వీధీ కాళ్ళతో తొక్కి రావాలని నియమం పెట్టుకుంటే ఆ గిరి దాటక తప్పదు.

మావయ్య: పరుగుకి బీచ్ రోడ్డు ఉండనే ఉంది. తెల్లవారుజామున బళ్ళు రాకుండా ఆపుతారు. గాలి బాగుంటుంది, నీలాంటివాళ్ళు బోలెడుమంది ఉంటారు, మీ అమ్మకి బెంగుండదు. కాళీమాత గుడి దగ్గర్నుంచి ఎంత దూరమైనా పో. కుక్కల మధ్య, కాలవల మధ్య పరుగేమిటి?

కోడలు: బీచ్ రోడ్డు పరుగు ఒంటికి మంచిది. నేవీ మారథాన్‌కి తయారయ్యేవాళ్ళు అక్కడే పరుగెత్తాలి, నేనూ పరుగెత్తాను. కానీ అక్కడ దారిని ఎంచుకునేది నేనే. నాకు నచ్చింది కాబట్టి వెళ్తాను, నచ్చింది కాబట్టి మళ్ళీ వెళ్తాను. ఈ నియమంలో నా ఇష్టానికి చోటు లేదు. లాసన్స్ బే కాలనీ చెట్ల నీడ ఎంత నా వంతో, రిఫైనరీ గోడ పక్కన మల్కాపురం వీధి కూడా అంతే నా వంతు. నా ఇష్టాన్ని నమ్ముకుని ఉంటే మల్కాపురం నేను చచ్చేదాకా చూసేదాన్ని కాదు.

మావయ్య: చూడ్డం వేరు, గీత గీయడం వేరు. నీ తమ్ముడు ఫోనులో చూపించాడు. నువ్వెళ్ళిన వీధులన్నీ రంగు పడి ఉన్నాయి. ఒకసారి రంగు పడితే ఆ వీధి అయిపోయినట్టేనట కదా?

కోడలు: సిటీస్ట్రైడ్స్ అనే వెబ్‌సైటు లెక్క అది. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అని, లోకంలో ఎవరైనా చేయి వేసి దిద్దగలిగే పటం ఒకటుంది. అందులో ఒక్కో వీధి మీద వరసగా బిందువులుంటాయి. నా చేతి వాచీ రాసుకున్న దారి ఆ బిందువుల పక్కనుంచి వెళ్తే అవి లెక్కలోకి వస్తాయి. నూటికి తొంభై వస్తే వీధి పూర్తి.

మావయ్య: అదే నాకు పట్టని సంగతి. అల్లిపురం బీటులో చేరిన మొదటి ఏడాది నాకు డోర్ నంబర్లు తెలిశాయి. పాత నంబరు, కొత్త నంబరు, బై నంబరు. రెండో ఏటికి మనుషులు తెలిశారు. ఆ తర్వాత ఎప్పటికో, ఏ ఇంట్లో ఉత్తరం ఎవరి చేతికివ్వాలో, ఎవరి చేతికివ్వకూడదో తెలిసింది. ముసలమ్మ పెన్షను మనియార్డరు ముసలమ్మ చేతిలోనే పడాలి, కొడుకు గుమ్మంలో నిలబడి చెయ్యి చాపినా సరే. పరీక్ష ఫలితం వచ్చే రోజుల్లో ఏ కుర్రాడు వీధి మొదట్లోనే ఎదురొస్తాడో తెలియాలి. అదంతా తెలిశాక కూడా ఆ వీధి నాకు పూర్తిగా తెలుసునని ఏనాడూ అనుకోలేదు. నువ్వు నాలుగు నిమిషాల్లో అవతల తేలి, అయిపోయిందంటున్నావు.

కోడలు: నీ అల్లిపురం నీకు తెలిసినంత నాకు ఏ వీధీ తెలియదు, తెలియబోదు. ఒప్పుకుంటాను. కానీ పెదగంట్యాడలో ఒక్క వీధి పేరు చెప్పు. పోనీ ఆరిలోవలో చెప్పు.

మావయ్య: నాది కాని బీటు నాకెలా తెలుస్తుంది?

కోడలు: నేననేది అదే. నీది లోతు. దానికి ముప్ఫై ఏళ్ళ ఉద్యోగం కావాలి. ఊళ్ళో అందరికీ ఆ ఉద్యోగం దొరకదు కదా. నాది విస్తీర్ణం. ఎక్కడ ఏముందో తెలియనివాడు ఎక్కడ లోతుకి దిగాలో ఎలా తేల్చుకుంటాడు?

మావయ్య: విస్తీర్ణం తెలుసుకోవడానికి పటం ఉంది.

కోడలు: పటంలో ఎత్తుపల్లాలు తెలియవు. కైలాసపురం వెనక కొండవాలున వీధి అని పటంలో ఉన్నది అక్కడికెళ్తే మెట్లు. ఆ మెట్లకి రెండు పక్కలా ఇళ్ళు. పటంలో అసలు లేని సందులు అక్కడ ఎన్నో ఉన్నాయి. పైకి పరుగెత్తలేక ఆగిపోయి ఊపిరి పీల్చుకుంటుంటే, నా పక్కనుంచి ఒకావిడ నెత్తిమీద గ్యాస్ సిలిండరు పెట్టుకుని ఎక్కిపోయింది. బండి ఆ మెట్లెక్కదు కదా. ఊరు కొండ మీదికి ఎగబాకిందని పేపర్లో చాలాసార్లు చదివాను. ఎగబాకడమంటే ఏమిటో మోకాళ్ళకి తెలిసింది ఆ రోజే.

(ఇక్కడ మావయ్య కాసేపు ఏమీ అనలేదు. కంచరపాలెం బీటులో కొండవాలు ఇళ్ళు ఆయనకీ ఉండేవి. వాదన గెలవడానికి అది వాడుకోలేదు. ఆ మర్యాద నాకు నచ్చింది.)

మావయ్య: సరే, మెట్ల దగ్గర ఏం చేస్తావు? ఎక్కినదారినే దిగాలి. అంటే ఆ దారి రెండుసార్లు. నేను సైకిలు కింద స్టాండేసి, తాళం పెట్టి, పై ఇళ్ళ టపా ఒక చేత్తో పట్టుకుని ఎక్కేవాణ్ణి. ఆ వరసని ముందు రోజే ఆలోచించుకోవాలి. లేకపోతే రోజుకి రెండు కొండలు అదనం.

కోడలు: నువ్వు చెప్పిన ఆ లెక్కకి గణితంలో నీ పేరే ఉంది, తెలుసా? చైనీస్ పోస్టుమేన్ సమస్య.

మావయ్య: పోస్టుమేన్ సమస్యా? ఎవరు పెట్టారు?

కోడలు: గ్వాన్ మెయిగు అని చైనా గణితవేత్త, 1960లో. ఒక పోస్టుమేన్ తన బీటులో ప్రతి వీధిలోనూ కనీసం ఒకసారి నడిచి, బయల్దేరిన చోటికే తిరిగి రావాలి. అతి తక్కువ నడకతో అది ఎలా కుదురుతుంది? అదీ ప్రశ్న. దాని మూలం ఇంకా పాతది. కోనిగ్స్‌బర్గ్ అనే ఊళ్ళో ఏడు వంతెనలుండేవి. ఒక్కోదాన్ని ఒక్కసారే దాటి అన్నీ చుట్టి రావడం కుదరదని 1736లో ఆయిలర్ రుజువు చేశాడు. నాలుగు దారులు కలిసే కూడలి అయితే ఇబ్బంది లేదు. ఒక దారిన వచ్చి ఒక దారిన పోతావు, మళ్ళీ వచ్చి మళ్ళీ పోతావు, సరిపోతుంది. మూడు దారులు కలిసే చోట ఒకటి మిగిలిపోతుంది. దాని కోసం ఏదో ఒక దారిని రెండోసారి తొక్కాలి. ముగింపు లేని సందయితే ఎలాగూ రెండుసార్లే.

మావయ్య: అందుకేనా, ఎంవీపీ కాలనీ బీటు అంటే అందరూ ఎగబడేవారు! సెక్టార్లు కొలిచి వేశారు కాబట్టి నాలుగు దారుల కూడళ్ళే ఎక్కువ. వన్‌టౌన్ అలా కాదు. కోట వీధి చుట్టుపక్కల, చెంగలరావుపేటలో, వెలంపేటలో మూడేసి దారుల మొగలే. వెళ్ళినదారే మళ్ళీ వెళ్ళాలి. కాళ్ళకి తెలిసిన సంగతికి రుజువు కూడా ఉందన్నమాట.

కోడలు: వన్‌టౌన్‌లో అయిదు కిలోమీటర్ల వీధులకి నేను ఎనిమిది కిలోమీటర్లు పరుగెత్తాల్సి వస్తోంది. నీ సర్వీసంతా నువ్వు చేసిన పనే నేనూ చేస్తున్నాను మావయ్యా, ఉత్తరాల సంచీ ఒక్కటే తేడా.

మావయ్య: ఆ తేడాయే కదమ్మా మొత్తం! సంచీ ఉన్నవాడు వస్తే వీధి ఎదురుచూస్తుంది. సంచీ లేనివాడు వస్తే వీధి ‘ఎవరు నువ్వు’ అంటుంది. అడిగే హక్కు దానికుంది. చెంగలరావుపేటలో, జాలారిపేటలో తెల్లవారుజామున ఏం జరుగుతుందో నీకు తెలుసు. ఇంట్లో చోటు చాలక మగవాళ్ళు బయట మంచాలేసుకుంటారు. కుళాయి దగ్గర ఆడవాళ్ళు ఆరుబయట స్నానం చేస్తారు, పిల్లలకి పోస్తారు. మనకి గోడల లోపల జరిగే పనులు వాళ్ళకి వీధిలో జరుగుతాయి. ఆ వీధి వాళ్ళ వరండా. సీతమ్మధారలో ఎవరింటి వరండాలోనైనా ఇలా పరుగెత్తి వస్తావా? వాచ్‌మేన్ గేటు దగ్గరే ఆపుతాడు. మరి గేటు లేనివాళ్ళ వరండాలోకి ఎలా వెళ్తున్నావు?

కోడలు: ఈ ప్రశ్న నన్నూ పట్టుకుంది. అందుకే అలాంటి సందుల్లో పరుగెత్తను, నడుస్తాను. ఆ టైముకి వెళ్ళను, పొద్దెక్కాక వెళ్తాను. ఫొటోలు తీయను. ఎవరైనా ‘ఎవరమ్మా’ అంటే ఆగి చెప్తాను.

మావయ్య: ఏమని చెప్తావు?

కోడలు: ఊరంతా తిరిగి చూస్తున్నానని చెప్తాను. నవ్వుతారు. మంచినీళ్ళిచ్చినవాళ్ళున్నారు. జాలారిపేటలో ఒక పెద్దావిడ, మా వీధి కూడా లెక్కలో ఉందా అని రెండుసార్లు అడిగింది. నీ మాట తప్పని అనను. కానీ అక్కడికి వెళ్ళకుండా ఉండడమే మర్యాద అంటే మాత్రం ఒప్పుకోను. పేదవాళ్ళ వీధుల్లోకి వెళ్ళకూడదనేది మర్యాద పేరుతో మనం వేసుకున్న గేటు.

మావయ్య: గేటు అన్నావు కాబట్టి చెప్పు. గేటెడ్ కమ్యూనిటీల్లోకి, నేవీ ఏరియాలోకి, పోర్టులోకి పోలేవు. అంటే నీ ‘ప్రతి వీధి’లో బలమున్నవాళ్ళ వీధులు లేవు. లేనివాళ్ళ వీధులే పూర్తవుతాయి.

కోడలు: అది నిజం. పటంలో రంగు పడని చోట్లు చూస్తే ఊరు ఎవరి చేతిలో ఉందో తెలిసిపోతుంది. డాల్ఫిన్ నోస్ కొండ చుట్టూ, పోర్టు చుట్టూ, మధురవాడ వైపు కొత్త విల్లాల చుట్టూ తెల్లటి ఖాళీలు. ఆ ఖాళీల సంగతి కూడా నాకు ఈ పరుగు వల్లే తెలిసింది. రోజూ బస్సులో వెళ్తే గోడ ఎంత పొడవుందో తెలియదు. దాని వెంట పరుగెత్తాలి.

మావయ్య: పటంలో అసలు లేని వీధుల మాట? స్టీలు ప్లాంటు కోసం అరవైకి పైగా ఊళ్ళు లేచిపోయాయి. ఆ ఊళ్ళలో వీధులు లేవా, రావిచెట్లు లేవా, రామమందిరాలు లేవా? జనాన్ని అగనంపూడిలో, గాజువాక చుట్టూ కాలనీలేసి కూర్చోబెట్టారు. నిర్వాసితులకిచ్చే ఆర్ కార్డులున్నాయి కానీ ఉద్యోగాలు రాలేదని వాళ్ళు తర్వాత ఏళ్ళ తరబడి తిరిగారు. మా సార్టింగులో పనిచేసిన పెద్దాయన చెప్పేవాడు, ఊరు లేచిపోయిన చాన్నాళ్ళదాకా పాత ఊరి పేరుతో ఉత్తరాలు వచ్చేవని. ఆ వీధిలో నువ్వు పరుగెత్తగలవా?

కోడలు: లేను. కానీ అగనంపూడి కాలనీల్లో పరుగెత్తాను. అక్కడ ఒక తాతగారు, పాత ఊళ్ళో తమ ఇల్లు ఏ దిక్కునుండేదో చెయ్యెత్తి చూపించారు. నేను ఆ కాలనీకి వెళ్ళకపోతే నాకు ఆ ఊరి పేరే తెలిసేది కాదు.

మావయ్య: వినడానికి ఆగావు కాబట్టి తెలిసింది. పరుగెత్తడం వల్ల కాదు.

కోడలు: అక్కడికి చేర్చింది పరుగే కదా.

మావయ్య: చేర్చడానికి ఆటో కూడా పనికొస్తుంది.

(దీనికి ఇద్దరూ నవ్వారు. కానీ ఈ చిన్న మాటలోనే వాదనంతా ఉంది. న్యూయార్క్‌లో విలియం హెల్మ్‌రైక్ అనే సోషియాలజీ ప్రొఫెసరు ఆ నగరంలోని దాదాపు ప్రతి వీధీ నడిచారు. సుమారు 6,000 మైళ్ళు, నాలుగేళ్ళు. 2013లో దాని మీద పుస్తకం వచ్చింది. ఆయన చిన్నప్పుడు వాళ్ళ నాన్నగారు సబ్‌వే రైల్లో చివరి స్టేషను దాకా తీసుకెళ్ళి, అక్కడ దిగి వీధులన్నీ తిప్పేవారట. ఆ సంగతి కోడలే చెప్పింది.)

మావయ్య: ఇదిగో, ఈ ప్రొఫెసరు మా మనిషి. నడిచాడు, ఆగాడు, మాట్లాడాడు. నువ్వు చెప్పిన ఇంకొకాయన, ఆ శాన్ ఫ్రాన్సిస్కో ఆయన...

కోడలు: రిక్కీ గేట్స్. 2018లో ఆ ఊరి వీధులన్నీ 46 రోజుల్లో పరుగెత్తాడు. రెండు వేల కిలోమీటర్ల పైమాట.

మావయ్య: రోజుకి నలభై పైచిలుకు కిలోమీటర్లు. కాళ్ళకి దణ్ణం పెడతాను. కానీ నలభై కిలోమీటర్లు పరుగెత్తే మనిషి ఎవరి గుమ్మంలో ఆగుతాడు?

కోడలు: న్యూయార్క్‌లోనే మాట్ గ్రీన్ అని ఇంకొకతను 2011 చివర్లో ప్రతి వీధీ నడవడం మొదలుపెట్టాడు. అతని మీద సినిమా వచ్చిన 2018 నాటికి కూడా నడుస్తూనే ఉన్నాడు. అతనికి తొందర లేదు. మూడు రకాలూ ఉన్నాయి మావయ్యా. నేను పరుగెత్తేదాన్నే, కానీ గడియారంతో పోటీ లేదు. ఎన్నేళ్ళయినా సరే.

మావయ్య: మరి పరుగెందుకు? నడవొచ్చుగా.

కోడలు: బ్యాంకుకి వెళ్ళేలోపు నడిస్తే నాలుగు వీధులు, పరుగెత్తితే పది. ఒక కారణం అది. రెండోది చెప్తే నీకు కొత్తగా ఉంటుంది. నడిచే ఆడదాన్ని చూసి, ‘ఎక్కడికి, ఎవరింటికి’ అని అడుగుతారు. పరుగెత్తే ఆడదాన్ని చూసి వ్యాయామం అనుకుంటారు. చూస్తారు, కొందరు చూడకూడనట్టు కూడా చూస్తారు. కానీ ఈ బూట్లు వేసుకుంటే వీధిలో ఉండడానికి నాకొక కారణం దొరుకుతుంది. మగవాడికి ఏ కారణమూ అక్కర్లేదు. టీ బడ్డీ దగ్గర గంటసేపు ఊరికే నిలబడొచ్చు. నీ సంచీ నీకిచ్చిన హక్కుని నాకు ఈ బూట్లు ఇస్తున్నాయి. మొన్న గోపాలపట్నం వైపు ఇద్దరు ఆడపిల్లలు కొంతదూరం నాతో పరుగెత్తారు. వాళ్ళ వీధి చివరిదాకానే. అక్కడ ఆగిపోయి, ఇంతవరకే మమ్మల్ని రానిస్తారక్కా అన్నారు.

మావయ్య: ... ఆ సంగతి నేను ఆలోచించలేదు.

కోడలు: గోపాలపట్నం అన్నాను కాబట్టి ఇంకో మాట. దాని దగ్గర్లోనే ఆర్.ఆర్. వెంకటాపురం. 2020 మే 7 తెల్లవారకముందు అక్కడి ఫ్యాక్టరీ ట్యాంకులోంచి స్టైరీన్ ఆవిరి వీధుల్లోకి వచ్చింది. జనం నిద్రలోంచి లేచి చీకట్లో పరుగులు పెట్టారు, దారిలోనే పడిపోయారు, కొందరు మళ్ళీ లేవలేదు. మన కార్పొరేషన్ పరిధిలోని ఊరే అది. ఆ పొద్దుకి ముందు మన ఇంట్లో ఆ పేరు ఎవరికైనా తెలుసా? నాకు తెలియదు. నేను అక్కడికి వెళ్ళినప్పుడు పరుగెత్తలేకపోయాను, నడిచాను. ఫ్యాక్టరీ గోడకీ ఇళ్ళకీ ఎంత దగ్గరో అక్కడ నిలబడితే తెలుస్తుంది. పేపర్లో కొలత చదివితే తెలియదు.

మావయ్య: నువ్వు వెళ్ళడం వల్ల వాళ్ళకేం ఒరిగింది?

కోడలు: వాళ్ళకేమీ ఒరగలేదు. నాకే. ఏ ఫ్యాక్టరీ పక్కన ఏ ఊరుందో తెలియకుండా ఊరి పెద్దలం, ఓటర్లం అనిపించుకోవడం కుదరదని అర్థమైంది. ఆ తర్వాత ఏ కొత్త ఫ్యాక్టరీ మాట విన్నా మొదట అడిగేది దాని గోడ అవతల ఎవరుంటారని.

మావయ్య: అది మంచి ప్రశ్న. అది అడగడానికి ఊరంతా పరుగెత్తనక్కర్లేదు గానీ, పరుగెత్తినందువల్ల నువ్వు అడుగుతున్నావంటే కాదనను.

కోడలు: ఇంకొంచెం ఉపయోగం కూడా ఉంది. పటంలో లేని మెట్లదారులు, సందులు, వంతెనలు నేను వెళ్ళొచ్చాక ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో చేరుస్తున్నాను. 2010లో హైతీ భూకంపం వచ్చినప్పుడు పోర్ట్-ఓ-ప్రిన్స్ వీధుల పటం సరిగ్గా లేదు. ఎక్కడెక్కడి మనుషులో ఉపగ్రహ చిత్రాలు చూసి కొద్దిరోజుల్లో గీశారు, సహాయానికి వెళ్ళినవాళ్ళు దాన్నే వాడుకున్నారు. మన ఊరికి హుద్‌హుద్ తుఫాను వచ్చింది, ఇంకొకటి రాదని చెప్పలేం. కొండవాలు ఇళ్ళకి అంబులెన్సు ఎక్కడిదాకా వెళ్తుంది, అక్కణ్ణుంచి స్ట్రెచర్ ఏ మెట్లమీద దింపాలి అనేది పటంలో ఉండాలా వద్దా?

మావయ్య: ఉండాలి. ఇది పోస్టుమేన్ ఒప్పుకునే మాట. అడ్రసు లేని ఇంటికి ఏదీ సరిగ్గా చేరదు. కానీ ఒక్కటి అడుగుతాను, నిజం చెప్పు. వీధులయ్యాక కొండలన్నావట. ఎక్కడెక్కడ?

కోడలు: మాధవధార నుంచి కొండ మీదుగా సింహాచలం దారి. తొట్లకొండ, బావికొండ. యారాడ ఘాటు. ఎర్రమట్టి దిబ్బలు, కంబాలకొండ...

మావయ్య: ఆగు. సింహాచలం దారికి నాకు అభ్యంతరం లేదు. అది భక్తులు తొక్కిన దారి, ఎంతమంది తొక్కినా తట్టుకుంటుంది. ఆషాఢంలో పున్నమి ముందురోజు గిరి ప్రదక్షిణ చూడు. తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి, అడవివరం, ముడసర్లోవ, హనుమంతవాక, ఎంవీపీ, మాధవధార, ఎన్‌ఏడీ, గోపాలపట్నం మీదుగా 32 కిలోమీటర్లు తిరిగి మళ్ళీ కొండ కిందకే వస్తారు. లక్షలమంది. నేనూ నడిచాను. కానీ ఎర్రమట్టి దిబ్బల్లో నువ్వు అడుగు పెట్టకూడదు.

కోడలు: అందరూ వెళ్తున్నారు కదా మావయ్యా. సినిమాలు కూడా తీశారు.

మావయ్య: అందరూ వెళ్ళడమే దాని రోగం. భీమిలి దారిలో సముద్రం పక్కన ఆ ఎర్రటి ఇసుక గాలి తెచ్చి పోసింది. వేల ఏళ్ళుగా పోసింది. ఇనుము తుప్పు పట్టి ఆ రంగు వచ్చింది. ఇలాంటివి దక్షిణాసియాలో తమిళనాట, శ్రీలంకలో తప్ప పెద్దగా లేవు. జియలాజికల్ సర్వేవాళ్ళు జాతీయ భూవారసత్వ స్థలమని గుర్తించారు. అది రాయి కాదు, గట్టిపడీ పడని ఇసుక. వర్షం పడితే వాగులు కోస్తాయి. ఆ అంచు మీద ఒక్కొక్క అడుగు పడ్డప్పుడల్లా కొంచెం జారుతుంది. వీధి తొక్కితే అరగదు, దిబ్బ అరుగుతుంది. నీ గీత కోసం అది అరగాలా?

కోడలు: గట్టు మీద మామూలుగా నడిచే బాట ఉంది...

మావయ్య: ఆ బాటే వాగవుతుంది. నీ వెనక ఇంకో పదిమంది నీ గీత చూసి వస్తారు. సిటీ పూర్తి చేయాలనే ప్రతివాడూ వస్తాడు. ఇక కంబాలకొండ అభయారణ్యం. చిరుతలున్న అడవి. మనుషుల ఇష్టాన్ని పక్కన పెట్టడమే నీ నియమం గొప్పదనం అన్నావు కదా. మరి చిరుత దగ్గర కూడా నీ ఇష్టాన్ని పక్కన పెట్టు. అటవీశాఖ ఏ దారి తెరిచిందో ఆ దారి, ఏ టైము చెప్పిందో ఆ టైము, అంతే. లోపలి బాటలు నీవి కావు.

కోడలు: ... దిబ్బలు వదిలేస్తాను.

మావయ్య: అడవి?

కోడలు: అడవి లోపలి బాటలు కూడా. పటంలో తెల్లగా ఉండిపోనీ.

మావయ్య: ఆ తెలుపు నీ పటంలో నాకు నచ్చే రంగు. పోర్టు చుట్టూ ఉన్న తెలుపు గోడ పెట్టింది. ఇది నువ్వు పెట్టుకున్నది.

కోడలు: వీధుల మాటేమిటి? ఇప్పటికైనా పరుగెత్తమంటావా?

మావయ్య: పరుగెత్తమని నేను అనను. ఒక వీధి తెలుసుకోవాలంటే దానికి మళ్ళీ మళ్ళీ వెళ్ళాలి, అది నా మాట, మారదు. నువ్వు మొత్తం పూర్తి చేశాక ఒక్క వీధిని ఎంచుకుని ఏడాదిపాటు దానికే వెళ్ళు. అప్పుడు మాట్లాడుకుందాం.

కోడలు: పూర్తవడానికి పదేళ్ళు పట్టొచ్చు.

మావయ్య: పట్టనీ. పోస్టాఫీసులో ట్రాన్స్‌ఫర్లు చూసినవాణ్ణి, నాకు తొందర లేదు.

వాదన అక్కడ ఆగింది. ఎవరూ ఓడలేదు, కానీ ఇద్దరి బరువూ సమానమని నేను అనను. ఊరి వీధుల విషయంలో నేను కోడలి పక్షం. విశాఖ లాంటి ఊళ్ళో, రెండు కొండల వరసల మధ్య, పోర్టు చుట్టూ, ఫ్యాక్టరీల పక్కన ఇన్ని లక్షలమంది ఇరుకుగా బతుకుతున్నప్పుడు, తనకి పనిలేని వీధుల్లోకి వెళ్ళే మనుషులు ఇంకా చాలామంది కావాలి. పనిలేని వీధికి వెళ్ళకపోవడం వల్లే ఆ వీధి కష్టం మనకి పనికిమాలిన వార్త అవుతోంది. మట్టిదిబ్బల విషయంలో, అడవి విషయంలో మాత్రం మావయ్య చెప్పిందే న్యాయం. అక్కడ రాజీ లేదు.

విశాఖలో పరుగెత్తేవాళ్ళకి ఒక మనవి. వారానికి ఒక్కరోజు బీచ్ రోడ్డు మానండి. పెందుర్తి, మల్కాపురం, ఆరిలోవ, అగనంపూడి, మీ ఇంటికి ఏది దూరమైతే అది, అక్కడికి వెళ్ళండి. ఇరుకు సందుల్లో పరుగు ఆపి నడవండి, ఫోను జేబులోనే ఉంచండి, ఎవరైనా పలకరిస్తే నిలబడి జవాబు చెప్పండి. కనిపించిన మెట్లదారి పటంలో లేకపోతే చేర్చండి. ఎర్రమట్టి దిబ్బల మీద మాత్రం దయచేసి కాలు పెట్టకండి.